చుక్క కామ్ విశ్వాసమ్మ

విశ్వాసమ్మది బొంగురు గొంతు. జలుబు చేసి వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. పెళ్లయి కమలాపురం వచ్చిన కొత్తలో చర్చి క్వయర్‌లో నిలబడితే, పాటలు నడిపించే రెజీనా రెండు ఆదివారాలు ఓపిక పట్టింది. మూడో ఆదివారం పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు ఊరికే నోరు కదిలిస్తే చాల్లే" అంది. రెజీనాది చెడ్డ మనసు కాదు. చెవి మరీ మంచిది, అంతే. ఆనాటి నుంచి ముప్పై ఏళ్లుగా విశ్వాసమ్మ చర్చిలో నోరు కదిలిస్తూనే ఉంది. ఆ పాటలు పైవాడికి వినబడ్డాయో లేదో ఆయనకే తెలియాలి.

గొంతు సంగతి ఎలా ఉన్నా, చేతికి మాత్రం వంక పెట్టినవాళ్లు లేరు. ఆమె దంచిన చెనిక్కాయల పొడి ఉంటే సంగటి ముద్ద ఎన్నోదో లెక్క తెలియకుండా పోతుంది. కోడలు క్రిస్టినా కాపురానికి వచ్చిన నెలలోనే ఈ సంగతి గ్రహించింది. డిగ్రీ చదివిన పిల్ల, ఊరికే కూర్చోలేదు. ఫోన్‌లో ఒక అంగడి తెరిచి, పొడి డబ్బాల మీద అత్త పేరే అచ్చు వేయించింది.

అంతవరకు విశ్వాసమ్మ పేరు రేషన్ కార్డు మీద, ఆధార్ మీద తప్ప ఎక్కడా అచ్చుకాలేదు. మొదటి డబ్బాను ఆమె దేవుని పటం పక్కన పెట్టుకుంది. వచ్చేపోయేవాళ్లు చూడకపోతే తానే చూపించేది. ఇంత చిన్న ఆనందానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

కానీ అంగడి నడవాలి కదా. మూడు నెలల్లో పదకొండు ఆర్డర్లు వచ్చాయి. అందులో తొమ్మిది చుట్టాలవి, రెండు క్రిస్టినా స్నేహితురాళ్లవి. కడపలో ఒక చీరల షోరూమ్‌వాళ్లు క్రిస్టినాను పనికి రమ్మన్నారు. ఈ నెల చూసి, కదలకపోతే అంగడి మూసేసి షోరూమ్‌కు పోతానని ఆమె మెల్లగానే చెప్పింది. విశ్వాసమ్మ సరే అంది. అన్నదే గాని, ఆ పూట రోట్లో పడిన దెబ్బలకు వీధి వీధంతా అదిరింది.

అప్పుడు ఆమె భర్త ఏసురాజు నోరు విప్పాడు. చేనికి పోయినా జేబులో చిన్న రేడియో లేనిదే అడుగు వేయని మనిషి. రేడియోలో చెప్పిస్తే సరి అన్నాడు. క్రిస్టినా కడపలోని ఎఫ్ఎం స్టేషన్‌కు ఫోన్ చేసింది. వారం తిరక్కముందే ప్రకటన వచ్చింది. ఎవరో అమ్మాయి తేనె పూసిన గొంతుతో, "సంప్రదాయ రుచుల సమ్మేళనం! స్వచ్ఛమైన వేరుశనగ పొడి! నేడే సందర్శించండి!" అంది. వెనకాల వీణ ఒకటి.

విశ్వాసమ్మ పొయ్యి ముందు కూర్చుని చివరిదాకా వింది. తరువాత భర్తను అడిగింది.

"ఇది మన పొడేనా?"

తయారుచేసిన మనిషే పోల్చుకోలేని పొడిని ఊరివాళ్లు ఎలా పోల్చుకుంటారు? పది రోజులు మోగింది. ఒక్క ఆర్డరూ రాలేదు. ఇంకా అయిదు రోజుల ప్రకటన మిగిలి ఉంది. క్రిస్టినా అత్తను ఎదురుగా కూర్చోబెట్టి, ఈసారి నువ్వే చెప్పాలంది.  ఇన్నాళ్లూ చర్చిలోనే పోయిన పరువు ఇక జిల్లా అంతా పోతుందని విశ్వాసమ్మ వాదించింది. కానీ పటం పక్కనున్న డబ్బా కనిపిస్తూనే ఉంది. చివరకు ఒప్పుకుంది.

బస్సులో కడప దాకా కోడలు పాఠం చెప్పింది. చివర్లో 'విశ్వాసమ్మ డాట్ కామ్' అనాలి. డాట్ అంటే ఏమిటని అత్త అడిగితే, చుక్క అని చెప్పింది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

రేడియో స్టేషన్‌లో రికార్డింగ్ చూసే శివన్న అనే ఆయన అద్దం అవతల కూర్చుని చెయ్యి ఊపాడు. విశ్వాసమ్మ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"నేను కమలాపురం విశ్వాసమ్మను మాట్లాడతాండా. చెనిక్కాయలు, ఎండు మిరక్కాయలు, తెల్లగడ్డలు రోట్లో ఏసి నేనే దంచుతాండా. సంగటిలోకి శానా బాగుంటాది. బాగలేకపోతే నాకే ఫోన్ చేసి తిట్టండి. మా అంగడి యాడో లేదు, మీ ఫోన్‌లోనే ఉండాది. విశ్వాసమ్మ... చుక్క కామ్."

అద్దం అవతల శివన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. తన గొంతుకే నవ్వుతున్నాడనుకుని విశ్వాసమ్మ చెప్పులు వెతుక్కుంది. క్రిస్టినా మళ్లీ చెప్పిస్తానని బతిమాలుతోంది. శివన్న బయటికి వచ్చి, వద్దమ్మా అన్నాడు.

"ఈ గొంతు ఇంటే మా అమ్మ అన్నానికి పిలిచినట్టుండాది. ఒక్క ముక్క గూడా మార్చను."

ఫోన్ నంబరు మాత్రం తాను చదివి చివర్లో అతికించాడు.

మరునాడు ఉదయం ఏడింటికి ఆ ప్రకటన రేడియోలో మోగింది. ఏడుంబావుకు ఫోన్ వచ్చింది. "చుక్క కామ్ అంగడేనామ్మా?" అని ప్రొద్దుటూరు నుంచి ఎవరో. మధ్యాహ్నానికి పద్నాలుగు మంది. వాళ్లలో సగంమంది ఫోన్‌లో చుక్క అని కొట్టి, ఏవేవో చుక్కల చీరలు చూసి, విసిగి ఫోన్ చేసినవాళ్లే. పాపం, పెద్దాయన ఒకాయన కమలాపురంలో బస్సు దిగి చుక్క కామ్ అంగడి యాడని అందరినీ అడుగుతూ ఇంటికే వచ్చాడు. విశ్వాసమ్మ ఆయనకు సంగటి పెట్టి, డబ్బా చేతికిచ్చి పంపింది. సాయంత్రానికి క్రిస్టినా నెట్‌లో 'విశ్వాసమ్మ చుక్క' అనే పేరును కూడా కొని, అదీ తమ అంగడికే తెరుచుకునేలా చేసింది. నెలాఖరున షోరూమ్‌కు ఫోన్ చేసి రానని చెప్పేసింది. రోటి దగ్గరికి పక్కింటి సోమక్కను కూడా పిలవాల్సి వచ్చింది.

ఆ తరువాతి ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకున్నారు. విశ్వాసమ్మ అలవాటుగా నోరు కదిలించింది. రెండో చరణం దగ్గర తనకు తెలియకుండానే గొంతు వచ్చేసింది. బొంగురుగా, అందరికంటే అర క్షణం వెనకగా. రెజీనా తల తిప్పి చూసింది. విశ్వాసమ్మ ఆపబోయింది.

ఇంతలో ముందు వరసలో, మైదుకూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె గిర్రున వెనక్కి తిరిగింది.

"నువ్వు చుక్క కామ్ విశ్వాసమ్మవి కదూ?"

విశ్వాసమ్మ అవునని తలూపింది. పాట మాత్రం ఆపలేదు.