రెండో వరస

ఆరేళ్ళుగా ఒక వరస నా గుండెల మీద కూర్చుని ఉంది. ఒక పేరు, ఒక ఊరు, ఒక ఫోన్ నంబరు. అంతే. దాన్ని చెరిపింది నేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తున్నాను.

మాది నరసన్నపేట. నా మనవరాలు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పడవలవాళ్ళ సంఘానికి పని చేసేది. తుఫాను వస్తుందంటే భావనపాడు వైపు జాలర్ల ఫోన్లకు కబురు వెళ్ళాలి. ఆ నంబర్ల పట్టిక సంఘం ఆఫీసు కంప్యూటరులో ఉంటుంది. ఈమె ఇక్కడి తెర మీదే దాన్ని తెరిచి దిద్దేది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, ముట్టుకోవద్దని నాకు ముందే చెప్పింది. నేను చదివింది మూడో తరగతి. అయినా కాగితం చూసి పేర్లు చదివి పెట్టేదాన్ని. దానికోసం ఇంకో మనిషిని పెట్టుకోవడం దండగ కదా.

ఒక మధ్యాహ్నం ఆమె స్నానానికి లేచింది. తెర మీద ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే ఊరు రెండు వరసల్లో కనిపించాయి. నంబర్లు వేరు. చూశాను, చూడలేదని అనను. ఒక్కడికి రెండు ఫోన్లా, రెండు కబుర్లా అని ఒళ్ళు మండింది. ఆమె ఎలా చెరుపుతుందో రోజూ చూస్తున్నదాన్నే. రెండో వరస మీద నొక్కి, చెరిపే మీట నొక్కాను. తెర ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆమె నొక్కే చోటే నేనూ నొక్కాను.

పది రోజులకు గాలి లేచింది. ఒక పడవ తిరిగి రాలేదు. మర్నాడు ఆ జాలరి భార్య మా గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మా, మా సినమామ కొడుక్కి మెసేజీ వచ్చినాది, మా ఆయనకి రానేదేటి? ఇద్దరిదీ తాత పేరే. ఒకటే పేరని ఒకడికే ఏసినారా?"

మనవరాలు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఫోనుకి సార్జింగ్ ఎట్టుకోనేదేమోనే. మాకేటి తెలుస్తాది?"

"నిండా సార్జింగెట్టి నానే సేతికిచ్చినానమ్మా."

తాత పేరు మనవళ్ళందరికీ పెడతారని నాకు తెలియదా? మా మామగారి పేరు మా ఇంట్లోనే ముగ్గురికి ఉందే! ఆ మధ్యాహ్నం ఆ బుద్ధి ఎక్కడికి పోయింది?

మూడో రోజున ఎవరో అతన్ని ఒడిశా ఒడ్డున బయటికి లాగారు. బతికాడు. మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టలేదట.

మనవరాలు పట్టిక వెతికింది. వరస లేదు. ఎక్కించినట్టే గుర్తని నా మొహంలోకి చూసింది. మరిచిపోయి ఉంటావని నేనే అన్నాను. నేనే. అలాగే సంఘానికి రాసిచ్చింది. పని పోయింది. ఇప్పుడు గ్యాసు కట్టేసిందో లేదో మూడుసార్లు లేచి చూసుకుంటుంది. తన కళ్ళను తానే నమ్మదు.

ఎవరికి భయపడ్డాను? ఆ జాలరి భార్యకా, లేక ఇన్నేళ్ళూ అందరినీ కసిరిన నన్ను రేపు నా మనవరాలు ఎలా చూస్తుందోననా? గాలికి తలుపు కొట్టుకుంటే ఆ జాలరి భార్యే వచ్చిందనుకుని ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

మనవరాలు సంఘానికి రాసిచ్చిన ఆ కాగితం తప్పు. ఆమె ఎక్కించింది. నేను చెరిపాను.

ఈ రెండు ముక్కలూ రాసి, కింద నా పేరు పెట్టాను. తలుపు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.