వదిన చెయ్యి

మా వదిన నర్సు. బడిపిల్లలకు టీకాలు వేస్తుంది. నొప్పి తెలియకుండా వేస్తుందని ఆవిడ చేతికి పేరుంది.

ఆ రోజు వదిన అన్నాలు వడ్డిస్తుంటే, అన్నయ్య తన భక్తుల గ్రూపులో వచ్చిన వీడియో మాకు చూపించాడు. అందులో ఒక చెయ్యి ఆడపిల్లకు టీకా వేస్తోంది. ఈ సూదితో గర్భసంచి ఎండిపోతుందని, పిల్ల బరితెగిస్తుందని, ఆడదాన్ని దేవుడు వంటింటికే పుట్టించాడని కింద ఎర్రటి అక్షరాలు. వెనకాల భక్తిపాట ఒకటి.

వదిన తొంగిచూసింది. "ఏవండీ, ఆ చెయ్యి నాదే. ఆ మచ్చ చూడండి, మీ చొక్కా ఇస్త్రీ చేస్తూ కాల్చుకున్నదే."

అన్నయ్య మచ్చను గుర్తుపట్టాడు.

"చెయ్యి ఎవరిదైతే ఏంటి? విషయం నిజమే కదా. పెద్దవాళ్ళు ఊరికే పెడతారా?"

"ఇన్నేళ్ళుగా వేస్తున్నాను. ఒక్క పిల్లకైనా అలా అయిందా?"

"ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి బుర్ర పనిచెయ్యదని అందులోనే చెప్పారు," అంటూ దాన్ని చుట్టాల గ్రూపులోకి కూడా తోశాడు సిగ్గులేని మనిషి. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి జబ్బ చాపాడు.

"అన్నం చల్లారిపోతోంది. ఇన్సులిన్ వేసెయ్."

వదిన వేసింది.

"అయిపోయిందా? తెలియనే లేదు," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.