చదివి వినిపించని మెయిలు

ధర్మవరంలో పట్టుచీరల దుకాణాలకేం కొదవ? అడుగుకొకటి. కానీ పొద్దున్నే మెయిళ్లు పైకి చదివే దుకాణం మాత్రం కృష్ణమూర్తిది ఒక్కటే. షట్టరెత్తి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి, ఆయన భార్య భానుమతి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. పక్కనే తెల్లటి పరుపు మీద గోడకానుకుని ఆయన. కృష్ణమూర్తికి చూపు లేదు. పాడు షుగరు, చూస్తుండగానే రెండు కళ్లూ మింగేసింది.

చూపు పోయిన కొత్తలో ఆయన దుకాణానికి రానని మొండికేశాడు. "నేనొచ్చి ఏం చేసేది? మూట మాదిరి మూల కూర్చోవాల్నా?" అన్నాడు. భానుమతి హిందూపురం వ్యాపారుల ఇంటి ఆడపిల్ల, ఊరికే ఊరుకునే మనిషా! "మూటైనా సరే, లెయ్యండి. బేరం తెలిసిన మూట నాకు కావాల" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ రోజే మొదలైంది ఈ చదవడం. బెంగళూరు షాపుల ఆర్డర్లు, ఆడిటరు అడిగే కాగితాలు, బ్యాంకు నుంచి వచ్చేవి, ఆఖరికి జుట్టు నూనె ప్రకటనలు కూడా వదలదు. ఇంగ్లీషులో ఉన్నవాటిని కూడబలుక్కుని చదివి, తెలుగులో చెబుతుంది. చీర ఫోటో వస్తే రంగు, అంచు, కొంగు అన్నీ మాటల్లో చూపిస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి, "ఇది లక్ష్మన్న మగ్గం మీదయితేనే కుదురుతాది, ఆయప్పకు పంపు" అంటాడు. అలా వింటూ వింటూనే ఆయన మళ్లీ దుకాణానికి యజమాని అయ్యాడు.

మొన్నామధ్య హిందూపురంలో డాక్టరుకు చూపించుకుని వచ్చారు. బీపీ బాగా పెరిగిందట. ఆయన్ని బయట కూర్చోబెట్టి, "మనసు కష్టపెట్టే మాటలేవీ ఆయన చెవిన వేయకండమ్మా" అన్నాడు డాక్టరు. భానుమతి ఆ మాట కొంగున ముడేసుకుంది. మరుసటి పొద్దున కంప్యూటరు తెరిస్తే ఏముంది? బ్యాంకు పేరుతో మెయిలు. దుకాణం పేరు, బ్రాంచి పేరు, బ్యాంకు గుర్తు, ఆ నీలం రంగు, ఎక్కడా వేలెత్తి చూపే సందు లేదు. కృష్ణమూర్తి వివరాలు పాతబడిపోయాయనీ, సాయంత్రంలోగా కింద నొక్కి సరిచేయకపోతే ఖాతా ఆపేస్తామనీ రాసి ఉంది.

భానుమతి ఆ మెయిలు మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. పెళ్లిళ్ల కాలం ముందుంది. ఖాతా ఆగిపోతే పట్టునూలు ఎలా కొనేది, మగ్గాల వాళ్లకు ఏం చెప్పేది? ఓరగా భర్త వైపు చూసింది. ఆయన చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నాడు, పాపం. ఈ ఒక్కటీ నేనే చక్కబెట్టేస్తే సరిపోతుంది, ఈయన ప్రాణానికెందుకు ఈ గోల, అనుకుంది ఆ పిచ్చితల్లి. నొక్కమన్న చోట నొక్కింది. అచ్చం బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుంది. పేరు కొట్టింది, పాస్‌వర్డూ కొట్టింది. ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది కూడా ఇవ్వమంది ఆ పేజీ.

టింగుమని మోగింది ఫోను. ఎక్కడా? కృష్ణమూర్తి చొక్కా జేబులో.

"ఏమండీ, ఆ ఫోనిట్లియ్యండి."

ఆయన జేబు మీద చెయ్యేసుకున్నాడు. "ఎందుకు? పొద్దున్నుంచి చదవకుండా టకటకా కొడతానే ఉండావు. ఏమొచ్చింది?"

"ఏముంటాది, నూనె ప్రకటన."

"నూనె ప్రకటనకు నీకు ఆయాసం ఎందుకొస్తాది? చదువు."

"మీకు బీపీ..."

"చదవకుంటే పెరుగుతాది బీపీ. ముందు చదువు భానూ."

ఇక తప్పలేదు. ఆమె చదవసాగింది. కళ్లతో చూసినప్పుడు ఎంతో గంభీరంగా ఉన్న ఆ మాటలు, నోటితో పలుకుతుంటే బెదిరింపులాగా ఉన్నాయి. చివర్న, బ్రాంచికి రానక్కర్లేదు, ఫోను చేయనక్కర్లేదు, ఇక్కడే ముగించండి అని ఉంది. అక్కడ ఆమె గొంతు దానంతటదే తడబడింది.

"బ్యాంకు వాళ్లవి ఎన్ని చదివింటావు నాకు" అన్నాడాయన. "ఏ చిన్న పనికైనా బ్రాంచికి రాండి, ఆ కాగితం తేండి, ఈ కాగితం తేండి అని పీక్కు తింటారే! ఈ మహానుభావుడెవరు, రావద్దంటాడు? పంపినోని పేరు కాదు, దానెనక అడ్రసు చదువు."

పేరు మీద నొక్కింది. బ్యాంకు పేరు వెనక నుంచి ఏవేవో అక్షరాలు, అంకెలు, కనీవినీ ఎరగని తోక ఒకటి బయటపడ్డాయి. ఒక్కొక్కటే చదివింది. సగంలోనే ఆపి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, పాస్‌వర్డు ఇచ్చేసినానే! మీరు ఫోనిచ్చింటే మొత్తం ఊడ్చుకుపోయేవాళ్లే. ఎంత పని చేస్తి!"

కృష్ణమూర్తి తడుముకుంటూ ఆమె చెయ్యి అందుకున్నాడు. "మోసపోయినావని కాదు మే నా బాధ. లోకమంతా మోసపోతాండాది. నాకు చెప్పకూడదనుకుంటివే! నువ్వు చదివితేనే గదా నాకు తెల్లవారేది. నువ్వే దాచిపెడితే నేను యాడికి పోవాల?"

భానుమతి ఆ చేతిలోనే ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన కాసేపు ఏడవనిచ్చి, "లే, పాస్‌బుక్కు మీదుండే నంబరుకు ఫోను చెయ్యి, పోదాం పద" అన్నాడు. ఇన్నాళ్లూ బ్యాంకు పనులకు ఆమె ఒక్కతే వెళ్లొచ్చేది, ఆయన్నెందుకు శ్రమ పెట్టాలని. ఆ రోజు ఫోను చేసి, ఇద్దరూ కలిసే వెళ్లారు.

బ్యాంకులో సుచిత్ర అనే ఆఫీసరమ్మాయి అన్నీ చూసి, ఖాతా భద్రంగా ఉందని చెప్పింది. పాత పాస్‌వర్డు తీసేయించి, "కొత్తది మీరే పెట్టుకోండమ్మా. ఎవ్వరికీ చెప్పొద్దు, నాక్కూడా" అని మొహం పక్కకు తిప్పుకుంది. భానుమతి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది.

బయట మెట్లు దిగుతూ కృష్ణమూర్తి అడిగాడు. "ఇంట్లో మొగుడికి కూడా చెప్పొద్దనిందా ఆ పాప?"

"ఎవ్వరికీ అనింది."

"సరే, చెప్పొద్దులే" అన్నాడాయన, కాస్త చిన్నబోతూ.

భానుమతి ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, ఆయన భుజం వంచి, చెవిలో కొత్త పాస్‌వర్డు ఒక్కో అక్షరమే చెప్పింది. "ఖాతా మీ పేరు మీదుండాది. మీకు చెప్పకుంటే ఇంకెవరికి చెప్పాల? నేను మర్చిపోతే మీరే అందియ్యాల" అంది.

ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నంతసేపూ, మరిచిపోకూడదని ఆయన పెదవులు నిశ్శబ్దంగా కదులుతూనే ఉన్నాయి.