కుడి చేతి బ్రేకు

మార్చి రెండో శనివారం, పొద్దున తొమ్మిదీ పదికి, జెరార్ అనే ఫ్రెంచి పెద్దమనిషి మలేసియాలో క్వాలా కుబు భారు అనే ఊరు దాటాక వచ్చే డ్యాం రోడ్డు మీద సైకిలు హ్యాండిల్ మీంచి ఎగిరి తారు మీద పడ్డాడు. ఆ రోజు నా డ్యూటీ వెనక వచ్చే వ్యానులో, రోడ్ మెకానిక్‌గా. రిటైర్ కావడానికి ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి.

మా కంపెనీ పని విదేశీ టూరిస్టులను కొండరోడ్ల మీద సైకిళ్లతో తిప్పడం. ముందు సైకిలు మీద గైడు వెళ్తుంది. రోడ్డు మీద ఆమె మాటే చెల్లుతుంది, మేనేజరు మాట కూడా దాని తర్వాతే. వెనక వ్యానులో డ్రైవరు, పక్కన రోడ్ మెకానిక్. విమానంలో పెట్టెల్లో వచ్చిన సైకిళ్లను విప్పి బిగించేది వర్క్‌షాప్ మెకానిక్. అతను రవాంగ్‌లోని షెడ్డులోనే ఉంటాడు, రోడ్డు మీదికి రాడు. ఆ రోజు మాత్రం మా వర్క్‌షాప్ మెకానిక్ అప్పారావు తాను బిగించిన బళ్లు కొండెక్కుతుంటే చూస్తానని మాతో వ్యానెక్కాడు. నాకు వరసకు బావమరిది. ఇరవై ఏళ్లు మోటార్‌సైకిళ్లు బాగుచేసి, తర్వాత సైకిళ్ల పనిలోకి వచ్చినవాడు. చేతిలో పనితనం ఉంది. నేను బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో పుట్టి, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. జరిగింది జరిగినట్టు రాయడం తప్ప ఇంకో రకంగా రాయడం నాకు రాదు.

జెరార్, ఆయన భార్య ఎలెన్ ఇద్దరూ అరవై దాటినవాళ్లు. పొద్దున బయల్దేరే ముందు టీ కొట్లో రోటీ చనాయ్ అనే పరాటా తింటూ ఆయన ఫోనులో తమ ప్రాంతం ఫోటోలు చూపించాడు. కొండకొక ఊరు. ఊరి చుట్టూ రాతిగోడ, గుర్రాల కాలం నాటి రాతి ద్వారం, లోపల ఇళ్ల మధ్య రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టని సందు. ప్రతి ఆదివారం మొగుడూ పెళ్లాం అలాంటి నాలుగైదు ఊళ్లు ఎక్కి దిగుతారట.

అప్పారావు ఫోటోలోని సందు మీద వేలు పెట్టాడు. "మన వ్యాను ఈ ఊర్లోకి ఎల్తే ఏటవుతాది బావా? పాక్ మాట్ రెండద్దాలూ గోడలకి ఒగ్గీసి రావాల!"

మా డ్రైవరు పాక్ మాట్ మలాయివాడు. అద్దాల వైపు సైగ చూసి సంగతి పట్టేశాడు. తాను నడిపితే అద్దాలకేం కాదనీ, అప్పారావు పొట్టే అందులో ఇరుక్కుంటుందనీ మలాయిలో అన్నాడు. అందరం నవ్వాం.

ఎక్కడం తన భార్యదనీ, దిగడం తనదనీ జెరార్ గొప్పగా చెప్పుకున్నాడు. ఎలెన్ కూడా ఒప్పుకుంది. "నా కోసం, ఆయన కోసం ఎక్కడా ఆగక్కర్లేదు. దిగుడులో ఆయనే వచ్చి నన్ను అందుకుంటాడు," అని గైడు రేవతికి చెప్పింది. అందుకని శిఖరం మీద, గ్యాప్ అనే చోట, కలుసుకునే అలవాటు మానేసి, అవతలి దిగుడు అయిపోయాక త్రానుమ్ అనే ఊళ్లో భోజనం దగ్గర కలుద్దామని రేవతి నిర్ణయించింది.

డ్యాం పక్కన రోడ్డు కాసేపు ఎగుడుదిగుడుగా పోతుంది. అసలు ఎక్కుడు ఆ తర్వాత. ఎలెన్, రేవతి అప్పటికే ముందుకు వెళ్లిపోయారు. జెరార్ మా వ్యాను ముందు ఒక చిన్న పల్లంలోకి దిగుతున్నాడు. ఎడమచేత్తో నీళ్ల సీసా తీసి తాగుతున్నాడు. కుడిచెయ్యి హ్యాండిల్ మీద ఉంది. చెట్లలోంచి ఒక కోతి రోడ్డుకు అడ్డంగా దూకింది. మేము చూస్తుండగానే సైకిలు ముందుచక్రం మేకు కొట్టినట్టు ఆగిపోయింది, వెనకచక్రం ఆకాశంలోకి లేచింది, మనిషి దాని మీంచి వెళ్లి భుజం మీద పడ్డాడు. ఆ చప్పుడు నాకు వ్యాను అద్దాలు మూసి ఉండగానే వినిపించింది.

కాలరు ఎముక విరిగింది, చూస్తేనే తెలుస్తోంది. గడ్డం చీలి రక్తం కారుతోంది. అయినా స్పృహ ఉంది. కదపకుండా నీడ చేసి, గాయం కట్టి, అంబులెన్సుకు ఫోను చేశాం. రేవతి ఫోను కలవలేదు. ఆ కొండ మీద సిగ్నలు దొరకదు. అప్పుడు నేను కంగారుపడలేదు. ముందున్న ఇద్దరూ బాగానే ఉన్నారు కదా అనుకున్నాను.

అంబులెన్సు ఆలస్యమైంది. దారిలో లారీ చెడి నిలిచిందని కబురు. ఈలోగా నా పని నేను చెయ్యాలి. పడిన సైకిలును అక్కడికక్కడే పరీక్షించి, లోపం ఉందో లేదో తేల్చడం రోడ్ మెకానిక్ విధి. చక్రాలు తిప్పాను, కేబుళ్లు చూశాను, ఎక్కి పల్లంలోకి దిగి రెండు బ్రేకులూ నొక్కాను. బండి బంగారంలా ఆగింది. మోటార్‌సైకిలు మీద పెరిగిన పాక్ మాట్ ఒక చుట్టు తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు, ఏ లోపమూ లేదని. అప్పారావు కూడా ఎక్కి చూశాడు.

"నా బండిలో ఏటీ లేదు లా బావా. కోతిదే తప్పు," అన్నాడు, మలాయివాళ్లలా మాటకు 'లా' తగిలించి.

జెరార్ రోడ్డు పక్కన పడుకుని మమ్మల్నే చూస్తున్నాడు. సైకిలు దగ్గరికి తెమ్మని కళ్లతో అడిగాడు. అప్పారావు తెచ్చి, ఆయనకు ధైర్యం చెప్పాలని కాబోలు, వచ్చీరాని ఇంగ్లీషులో చూపించడం మొదలుపెట్టాడు. ఇది కుడి బ్రేకు సార్, ముందుచక్రం. నొక్కాడు. బాగుంది. ఇది ఎడమ బ్రేకు, వెనకచక్రం. ఇదీ బాగుంది.

ఆయన మొహం మారిపోయింది. ఎముక విరిగినప్పుడు కూడా అంత మారలేదు. కుడిది వెనకచక్రానికి ఉండాలి అన్నాడు. ఎందుకు మారింది అని అడిగాడు.

అప్పారావు నవ్వుతూనే అదే ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. "ఫాక్టరీవోలు తిరగేసి బిగించీసినారు సార్. నాను మార్సినాను." తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్‌ది కూడా అలాగే ఉండీది బావా. అదీ మార్సీసినాను," అన్నాడు.

చదివేవాళ్ల కోసం ఇక్కడ ఆగి చెప్పాలి. మా మలేసియాలో కుడిచెయ్యి ముందుచక్రాన్ని ఆపుతుంది, మోటార్‌సైకిలు లాగే. ఫ్రాన్సులో సైకిలుకు ఎడమచెయ్యి ముందుచక్రం, కుడిచెయ్యి వెనకచక్రం. రెండు చేతులతో సమంగా నొక్కినంతసేపు తేడా తెలియదు. ఒక చెయ్యి ఖాళీ లేనప్పుడో, భయపడి ఒకటే గట్టిగా నొక్కినప్పుడో తెలుస్తుంది. వెనకచక్రం బిగిస్తే బండి జారుతుంది, అంతే. ముందుచక్రం బిగిస్తే మనిషి ఎగిరిపోతాడు. ఆయన చేతికి మా పద్ధతే తిరగేసిన బిగింపు అని మాలో ఒక్కడికీ తట్టలేదు. ముగ్గురం ఎక్కి చూశాం. ముగ్గురివీ ఒకే అలవాటు చేతులు.

జెరార్ "ఎలెన్" అని ఒక్కమాట అన్నాడు. లేవబోయాడు. అప్పారావు పట్టుకుని పడుకోబెట్టాడు.

"నువ్విక్కడే కూకో," అన్నాను వాడితో. "అంబులెన్సు వచ్చీదాకా ఆయన్ని ఒగ్గకు."

"బావా, ఆవిడ..."

"నోరు ముయ్యి. కూకో."

పాక్ మాట్ అప్పటికే ఇంజను తిప్పాడు. ఆ రోడ్డు నాకు తెలుసు. ఎక్కేటప్పుడు ఎవరూ బ్రేకు నొక్కరు. గ్యాప్ దాటాకే అసలు పరీక్ష. అవతలి వైపు మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క అడవి లోయ. వాళ్లు బయల్దేరి చాలాసేపైంది. ఎలెన్ ఎక్కే వేగం పొద్దున చూశాను. లెక్క వేస్తే ఈపాటికి పైకి చేరిపోయి ఉండాలి. లెక్క వెయ్యడం మానేశాను. పాక్ మాట్ ప్రతి మలుపులో హారను కొట్టాడు. వెదుళ్ల లారీ ఒకటి దారివ్వకుండా ముందు పాకుతుంటే, ఎప్పుడూ గొంతెత్తని ఆ మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి బూతులు తిట్టాడు. ప్రతి వంపు తిరగ్గానే నేను రోడ్డు చూడలేదు, రోడ్డు పక్క లోయ చూశాను.

గ్యాప్ దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు.

ఎలెన్ గాలికోటు తొడుక్కుంటోంది. ఆ వైపు దేశాల్లో కొండ దిగేముందు చెమట ఒంటి మీద చల్లబడకుండా కోటు వేసుకుంటారు. మా ఎండలో ఆ అవసరం లేదు. ఆమె చేసేది అలవాటు. జిప్పు ఎక్కడో పట్టేసింది, దాన్ని లాగుతోంది. కోటు వేసుకోవడం అయిపోయి ఉంటే నేను చేరేసరికి అక్కడ ఎవరూ ఉండేవారు కారు.

వ్యాను ఆగకముందే దిగి పరుగెత్తి సైకిలు హ్యాండిల్ రెండు చేతులా పట్టేశాను.

రేవతి మండిపడింది. రేవతి మా తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టింది. "అంకుల్! గెస్ట్ సైకిల్ అలా లాగేస్తారేటి? ఆవిడికి ఈ ఎండలో కోటు తొడగలేక నానే సస్తున్నాను, మళ్లీ మీరేటి?"

"కుడి బ్రేకు నొక్కమను," అన్నాను. "ఒక్కటే. బండి ముందుకి తోస్తాను, నొక్కమను."

ఎలెన్ నొక్కింది. ముందుచక్రం ఆగి, వెనకచక్రం రోడ్డు మీంచి లేచింది. ఆమె దాన్ని చూసింది. ఇంకోసారి నొక్కింది. అప్పుడు తల ఎత్తి పాక్ మాట్ ఒక్కడే ఉన్న వ్యానులోకి చూసి, జెరార్ ఎక్కడ అని అడిగింది. నేను ఏమీ చెప్పకముందే రోడ్డు మీద కూర్చుండిపోయింది.

బతికే ఉన్నాడని రేవతి ఆమెకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

జెరార్ కాలరు ఎముకకు ఆపరేషన్ అయింది, కోలుకుని వాళ్ల ఊరు వెళ్లిపోయారు. మేనేజరు నేరం కోతి మీద తోసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పారావు ఆసుపత్రికి వెళ్లి మంచం కాళ్ల దగ్గర నిలబడి, తాను ఎందుకు మార్చాడో చెప్పాడు. రేవతి దాన్ని వాళ్లకు ఇంగ్లీషులో చెప్పింది. పని బాగా చేశావు, కానీ మమ్మల్ని అడగాల్సింది, అని ఎలెన్ అంది. తిట్టినా బాగుండేదని వాడు ఇప్పటికీ అంటాడు.

ఆ మర్నాటి నుంచి మా షెడ్డులో పద్ధతి మారింది. పెట్టెలోంచి తీసిన సైకిలు బయటికి వెళ్లేముందు యజమాని దాని పక్కన నిలబడాలి. ఒక్కో బ్రేకూ తన చేత్తోనే నొక్కి, ఏది ఏ చక్రమో తనే చెప్పాలి. ఏ బ్రేకు ఎటు ఉండాలన్నది మెకానిక్ తేల్చే విషయం కాదు, నడిపే చెయ్యి తేల్చాలి. మా ముగ్గురి పరీక్ష ఒక్కడు చేసినదానికంటే ఎక్కువ విలువైనది కాదని కూడా ఆ రోజే తెలిసింది. నేను నేర్చుకున్నది అంతే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: డ్రైవరు పాక్ మాట్, గైడు రేవతి, వర్క్‌షాప్ మెకానిక్ అప్పారావు, రోడ్ మెకానిక్ సింహాచలం అనే నేను, జెరార్, ఎలెన్.