అమ్మ హెల్మెట్, మామయ్య ఓడ

మా మామయ్య సరుకు ఓడలో వంటవాడు. అమ్మ తన తమ్ముణ్ణి చూసి రెండేళ్లయింది. ఓడ విశాఖలో ఆగిందని, తనకు దిగడానికి అనుమతి లేదని, బుధవారం పదకొండింటికి వెళ్లిపోతుందని ఫోన్ చేశాడు. బీచ్ రోడ్డు చివర హార్బర్ వైపు నిలబడితే ఓడ దగ్గరగానే వెళ్తుందట. "దూరం నుంచైనా సరే, వాణ్ణి చూడాలే" అంది అమ్మ. అంతే, గుడివాడ నుంచి బయలుదేరాం.

ఉదయం ఎనిమిదికి దువ్వాడ స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో గాజువాక చేరి, టిఫిన్ కానిచ్చి, రోజుకు ఆరువందలకు స్కూటర్ తీసుకున్నాను. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుండాలి, చూసుకోండి. షాపాయన రెండు హెల్మెట్లిచ్చి, "యెనక కూసున్నోలు కూడా పెట్టాలమ్మా, ఇక్కడ పోలీసోలు ఒగ్గరు" అన్నాడు. అమ్మ తన హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొప్పు మీద అది పట్టదు మరి! పోనీలే అనుకోవడం నా బుద్ధితక్కువ.

సగం దారిలో మహిళా కానిస్టేబుల్ ఆపింది. అప్పటికి పదింపావు.

"ఏటమ్మా, హెల్మెట్ ఒల్లో ఎట్టుకున్నావ్, బుర్ర అక్కడుందేటి?" అంది అమ్మతో.

ఫైన్ కడతాను, అర్జెంటుగా వెళ్లాలి, వదిలేయండని బతిమాలాను.

"ఫైన్ కట్టినా పెట్టుకోపోతే బండి కదల్దు. మీ అమ్మ బుర్ర కన్నా అర్జెంటేటండి?"

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లుగా కొప్పు లేకుండా గడప దాటని మా అమ్మ, నడిరోడ్డు మీద పిన్నులన్నీ తీసి నా చేతిలో పెట్టి, చకచకా జడ అల్లి హెల్మెట్ తగిలించుకుంది. "పద, ఇంకా చూస్తావేం!"

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా బండి పార్కింగ్‌లో పెట్టి, హెల్మెట్లు తీసేసి, జీబ్రా గీతల మీదుగా రోడ్డు దాటాం. నేను ఫోన్ పైకెత్తగానే చేపలమ్మే ఆవిడ కేకేసింది: "ఫొటోలొద్దమ్మా! బోర్డు సూడు, ఇది నేవీవోల్ల జాగా. పోలీసోలొత్తే ఫోన్ లాక్కుంటారు." దించేశాను. అంతలో ఓడ కదిలొచ్చింది. దాని మీద ఎవరో తెల్ల తువ్వాలు ఊపుతున్నారు. "ఒరేయ్ రాంబాబూ!" అని బీచంతా అదిరేలా అరిచింది అమ్మ. అమ్మ ఫోన్ మోగింది. స్పీకర్లో మామయ్య గొంతు:

"బైనాక్యులర్లో చూస్తున్నానక్కా! జడేసుకున్నావేంటి? బడికెళ్లేటప్పుడు ఇలాగే ఉండేదానివి!"

అమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. అబ్బ, సాధించేశాం!

ఊరికొచ్చినవాళ్లని సతాయించడానికే రూల్సు పెడతారని ఇన్నాళ్లూ విసుక్కునేదాన్ని. ఆ కానిస్టేబుల్ జాలిపడి వదిలేసి ఉంటే మామయ్యకు ఆ జడ కనిపించేదే కాదు. మీరు విశాఖలో బండి అద్దెకు తీసుకుంటే, వెనక కూర్చునేవాళ్ల తలకు హెల్మెట్ పట్టిందో లేదో షాపు దగ్గరే పెట్టించి చూడండి.