మెట్రో ఎక్కిన గౌను

మొన్న గురువారం సంది నాకొక కొత్త అలవాటైంది. ఎవ్వరన్న నన్ను చూసి నవ్విన్రనుకోన్రి, నేను తిరిగి నవ్వుతలేను. ముందుగాల ఎనుకకు తిరిగి నా కొంగు చూస్కుంటున్న. ఎందుకంటరా? చాయ్ సల్లారక ముందే చెప్పేస్త, వినున్రి.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌ల, మెయిన్ రోడ్డు నుంచి రెండు గల్లీలు లోపలికి. ఇంట్ల నేను, మా ఆయన మహేశ్, మా అత్తమ్మ, ఐదో నెల పడ్డ మా బిడ్డ చిన్ని. నేను ఒక ప్రైవేట్ స్కూల్‌ల లెక్కలు చెప్త. దాంతోపాటే బీఎడ్ చదువుతున్న. బీఎడ్ పాసైతేనే ఉద్యోగం ఉంటదని స్కూలోళ్లు ముందే చెప్పిన్రు. పొద్దుగాల వంట గూడ నాదే. ఇగ కుట్టుమిషిన్ అంటరా, అది నన్నెవ్వరు కుట్టమనలే. నాకే పిచ్చి.

శుక్రవారం చిన్నికి అన్నప్రాసన పెట్టుకున్నం. గురువారమేమో ఎల్బీనగర్ దాటినంక మన్సూరాబాద్‌ల ఒక స్కూల్‌ల నా బీఎడ్ ఫైనల్ డెమో క్లాస్. బయటి నుంచి ఎగ్జామినర్ మేడం వస్తది, వెనక బెంచీల కూసోని నేను పాఠం చెప్పుడు చూస్తది, మార్కులేస్తది. గీ రెండిటి మధ్యల నేను చిన్నికి గౌను కుట్టుడు పెట్టుకున్న.

"దిల్‌సుఖ్‌నగర్‌ల ఉండుకుంట గౌను కుట్టుడేంది బిడ్డా? బయట అడుగు పెడితే అన్నీ గౌన్ల దుకాణాలే," అన్నది అత్తమ్మ.

"అవి అందరేస్కునేయే అత్తమ్మా. నా బిడ్డకు నా చేతితోటి కుట్టిందే ఏస్త," అన్న. అనేటప్పుడు మంచిగనే ఉంటది.

బట్ట గూడ ఉండె. నా సీమంతానికి మా అమ్మ పెట్టిన పోచంపల్లి పట్టుచీర, మెరూన్ మీద నల్ల చుక్కలు. దాని జాకెట్ ముక్క అట్లనే పక్కకు పెట్టిన. కొంగుది, జాకెట్ ముక్కది ఒకటే రంగు, ఒకటే డిజైన్. తల్లి చీర, బిడ్డ గౌను మ్యాచింగ్ అని మురిసిపోయిన. గా మ్యాచింగే నా కొంప ముంచింది.

గురువారం పొద్దున పప్పు కుక్కర్‌ల పెట్టి, చిన్నికి పాలిచ్చి, గా పోచంపల్లి చీరే కట్టుకోని రెడీ అయిన. చూస్తే ఇంక టైముంది. గౌనుకు కింద అంచు ఒక్కటే మిగిలింది. ఎంతసేపు? ఒక్క కుట్టు! మిషిన్ ముంగట కూసున్న. కొంగు చక్రంల పడకుండ ముందుకు తెచ్చి ఒళ్లె పెట్టుకున్న. చూడున్రి, ఎంత జాగ్రత్తో నాకు.

టకటక కుడుతున్న. సగంల కుక్కర్ కూత పెట్టింది. దానికి చిన్ని లేచి కూత పెట్టింది. అత్తమ్మ "సరితా, స్టవ్వు!" అని కూత పెట్టింది. గబగబ అంచు పూర్తి చేసి, దారం కత్తిరించి, కొంగు ఎనుకకు ఇసిరి వంటింట్లకు ఉరికిన.

స్టవ్వు బంద్ చేసి, పప్పుకు పోపు పెట్టి, బాక్స్ కట్టుకోని, గౌను మడత పెడదామని వచ్చిన. మిషిన్ మీద గౌను లేదు. కింద లేదు. ఊయలల లేదు.

"అత్తమ్మా, గౌను ఏడ పెట్టిన్రు?"

"నేనెందుకు తీస్త బిడ్డా? నేను పోరిని ఎత్తుకోని ఈడనే ఉన్న గదా!"

"నువ్వేమన్న విడిసిన బట్టలల్ల ఏసినవా?" అని మా ఆయనను పట్టుకున్న.

"నేనిప్పుడే స్నానం చేసి వచ్చిన తల్లీ!" అన్నడు. అన్నడు గని పాపం వాషింగ్ మిషిన్ల తల పెట్టి చూసిండు. మంచం కింద పండుకోని ఎతికిండు. అత్తమ్మ బియ్యం డబ్బా గూడ తీసి చూసింది. నేను ముగ్గురి ముంగట అటు ఇటు తిరుగుతున్న, నా ఎనుక గౌను తిరుగుతున్నది. ఒకటే రంగు, ఒకటే డిజైన్. ఎవ్వరికి కనవడలే.

"గీ ఇంట్ల ఒక్క వస్తువు పెట్టిన కాడ ఉండది!" అని గట్టిగనే అన్న. అత్తమ్మ మొహం చిన్నబోయింది. చూసిన గూడ. గని టైమయితుంది, ఎల్లిపోయిన.

మహేశ్ స్కూటర్ మీద మెట్రో కాడ దింపిండు. ముందల కూసున్న మనిషికి ఎనుక ఏమున్నదో ఏం తెలుస్తది?

మెట్రో ఎక్కిన. నిలబడ్డ. నా ఎనుక ఇద్దరు కాలేజీ పిల్లలు కిసకిస నవ్వుకుంటున్నరు. వయసు, నవ్వుకోనీ అనుకున్న. పక్కకున్న పెద్దామె నన్ను ఒకసారి చూసి, "పాపకు నెలలెన్నమ్మా?" అని అడిగింది.

నాకు బిడ్డ ఉన్నదని ఈమెకెట్ల తెలిసింది? నా మొహం అంత పీక్కుపోయిందా? "ఐదో నెల," అన్న. ఆమె "అచ్చం నీదే పోలిక ఉంటది," అని మురిపెంగ నవ్వింది. ఇదేంది, చూడకుండనే పోలిక చెప్తున్నదని పరేషాన్ అయిన. ఎల్బీనగర్‌ల దిగినంక ఇంటికి ఫోన్ చేసి, "బీరువా ఎనుక చూసిన్రా?" అని అత్తమ్మను ఇంకోసారి సతాయించిన.

ఆరో తరగతి. పాఠం భిన్నాలు. ఎనుక బెంచీల ఎగ్జామినర్ మేడం, కళ్లజోడు, ముడి, మొహంల నవ్వు లేదు. నేను పిల్లల దిక్కు చూసుకుంటనే మంచిగ మొదలువెట్టిన. గుండ్రటి రొట్టె గీస్త, నాలుగు భాగాలు చేద్దాం అని బోర్డు దిక్కు తిరిగిన.

క్లాసంత పక్కున నవ్వింది!

రొట్టె వంకర పోయిందేమో అనుకోని తుడిపేసి మళ్ల గీసిన. ఇంక ఎక్కువ నవ్విన్రు. మూడోసారి నా జన్మల గీయనంత గుండ్రంగ గీసిన. ముందు బెంచీల ఒక పిల్ల లేచి, "టీచర్, మీకు చిన్న పాప ఉన్నదా?" అన్నది.

"పాఠంల డౌట్ ఉంటే అడుగు," అన్న కోపంగ. పొద్దున్నుంచి లోకమంత నా బిడ్డ సంగతే అడుగుతున్నదేంది!

అప్పుడు మేడం లేచి మెల్లగ నా కాడికి వచ్చింది. వాళ్లది గుంటూరు దిక్కంట. "ఒక్క నిమిషం ఆగమ్మా. ఇదేవిటీ, కొంగుకిలా వేలాడుతోంది?" అని నా కొంగు ముందుకు తెచ్చి చూపిచ్చింది.

చూసిన. బుల్లి చేతులు, బుల్లి మెడ, కింద కుచ్చులు.

"అయ్యో! ఇది ఈడుందా! పొద్దటి సంది ఇల్లంత ఎతుకుతున్నం మేడం! మా ఆయన మంచం కింద గూడ పన్నడు!"

నోట్లకెళ్లి అట్లనే వచ్చేసింది. ఎగ్జామినర్ ముంగట, నలభై మంది పిల్లల ముంగట. పిల్లలు బెంచీలు గుద్ది నవ్వుతున్నరు. మేడం పెదవులు బిగవట్టింది గని కళ్లజోడు ఊగుతున్నది. గౌను పట్టి లాగి చూసింది. రాలే. గౌను అంచుతోపాటు ఒళ్లె ఉన్న కొంగును గూడ కలిపి కుట్టేసిన! "అబ్బో, గట్టిగానే కుట్టావే!" అన్నది.

కత్తెర తెప్పిస్తనన్నది. పట్టుచీర, వద్దన్న. కొంగు, గౌను కలిపి నడుముల దోపుకోని మిగిలిన పాఠం చెప్పిన. ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు. గని గౌను చూసినంక పిల్లలు నన్ను టీచర్ లెక్క గాదు, ఇంటిమనిషి లెక్క చూసిన్రు. అడిగిందానికల్ల చేతులెత్తిన్రు. అయిపోయినంక మేడం, "క్లాసు బాగానే చెప్పావు. పాసవుతావులే. ముందు ఇంటికి ఫోన్ చెయ్యి, పాపం ఇంకా వెతుకుతుంటారు," అన్నది.

ఫోన్ చేసుడు నాతోని కాలే. ఇంటికి పోయి, అత్తమ్మ ముంగట నిలబడి, ఎనుకకు తిరిగిన. అంతే. మాటెందుకు?

అత్తమ్మ గౌను పట్టి చూసి, "నన్నెన్ని మాటలన్నవే!" అన్నది. "తప్పైంది అత్తమ్మా," అన్న. అప్పుడు నవ్వు మొదలైంది ఆమెకు. చిన్నిని పండవెట్టి మరీ నవ్వింది. ఇద్దరం కూసోని సూదితోటి ఒక్కొక్క కుట్టు ఇప్పినం. ఎంతకు రాదు! చాయ్ తాగి మళ్ల కూసుంటే గని గౌను ఊడలే.

శుక్రవారం చిన్నికి గా గౌనే ఏసినం. చుట్టాలందరు "మంచిగున్నదే!" అన్నరు. అత్తమ్మ పాయసం నోట్ల పెట్టింది. చిన్ని రెండు చేతులు పైకెత్తి ఒక్క గుంజు గుంజింది. పర్రుమని గౌను చేతులు రెండు ఊడి కింద పడ్డయి.

ఏం చెప్పాలె? కండ్లు పెట్టి చూసి కుట్టింది ఊడింది. చూడకుండ కుట్టింది ఊడలే. ఇగ మీదట మీకు జాకెట్ కుట్టియ్యాల్నంటే చెప్పున్రి, కండ్లు మూసుకోని కుడ్త!