పెద్ద మోటార్లు

మా ముత్తాత పెనుబల్లి దగ్గర నాలుగు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీపటేల్. తాత పడక్కుర్చీలో ఉంటే ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకరిని అడిగి తెలుసుకోవడం మా ఇంట్లో నామోషీ. అందుకే కంప్యూటర్‌తో ఇనుప రేకు కోసే బల్ల సొంతంగా చేసుకుంటూ, కోసే మొనను కదిపేందుకు ఎవరినీ అడక్కుండా పెద్ద మోటార్లే కొన్నాను. చర్చి గేటుకు కోసిన రేకులు మూడూ మూలల దగ్గర కొలత తప్పాయి. ఇంకొకటి పాడైతే ఆ పని చేజారుతుంది. ఇంకా పెద్దవి తేవాలని, ఉన్నవి ఒళ్లో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కాను.

పక్క సీటు పెద్దాయన గోళ్లలో గ్రీజు ఉంది.

"ఏంది సార్, ఏనుగును గుంజుతరా వీటితోని?"

రేకు బల్లకని ముక్తసరిగా చెప్పాను.

"గిసుంటి మోటార్లు అడుగడుగు తిరుగుతయ్. గివి పెద్దయి, మూలకాడ జల్దీ తిరగలేక అడుగు తప్పుతయ్. తప్పినట్టు వాటిని నడిపే కంట్రోలర్‌కు తెల్వది. అంతా మంచిగనే ఉన్నదనుకొని కోసుకుంట పోతది."

తల్లాడ దాటాక అడిగాను.

"మరి ఏవి తీసుకోమంటారు?"

"చిన్నయే తీస్కోరి, ఎన్‌కోడర్ ఉన్నయి. అడుగు తప్పితే అవే చెప్తయ్."

ఆయన వైరాలో దిగుతుంటే నేను లేచి నిలబడ్డాను.

గేటు కుదిరింది. ఆ చిన్న మోటార్లకు డబ్బు చాలక తాత పడక్కుర్చీ అమ్మాను.